944లో 366: బ్యాటు పక్కనపెట్టి ఫైలు పట్టుకున్న డాక్టరు శ్రీధర్ కథ

ఈరోజు ఎపిసోడ్ మా ఊరు కంబదూరు నుంచే. వెనక కనపడేది మా చెరువు. నీళ్ళు లేవు కదా, అందుకే లోపల నిలబడి మాట్లాడుతున్నా. నీళ్ళుంటే ఇది చెరువు, లేకపోతే మాకు గ్రౌండు. మా చిన్నప్పుడు ఎక్కువ ఏళ్ళు గ్రౌండే. వాన పడితే పెద్దోళ్ళకి సంతోషం, మాకు మ్యాచ్ క్యాన్సిల్. మా అనంతపురం జిల్లా పిల్లోల్ల కష్టం ఇట్లా ఉంటుంది.

కామెంట్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మన తెలుగోళ్ళలో బాగా క్రికెట్ ఆడి, తర్వాత బోర్డులో పెద్ద పోస్టుకు పోయినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని. అజహరుద్దీన్ పేరు మీకు తెలుసు. ఎమ్మెస్కే ప్రసాద్ పేరు కూడా తెలుసు. నేను చెప్పబోయే మనిషి పేరు మాత్రం మీలో పది మందికి కూడా తెలిసి ఉండదు. ఆయన ఇండియాకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. కానీ కొన్నేళ్ళపాటు ఇండియాలో ఏ మ్యాచ్ ఎప్పుడు, ఎక్కడ జరగాలో చూసే కుర్చీలో కూర్చున్నాడు. పేరు ఎం.వి. శ్రీధర్. మాటూరి వెంకట్ శ్రీధర్.

ఈ పేరు నేను మొదట విన్నది మా చిన్నాయన నోట. అది కూడా తిట్టులాగ విన్నా.

1994 జనవరి. మా చిన్నాయన అప్పుడు కల్యాణదుర్గంలో ఇంటర్ చదువుతుండె. పొద్దున బస్సు దిగి టీ అంగట్లో పేపర్ తిరగేసేది ఆయనకు అలవాటు. ఆరోజు ఆటల పేజీలో హైదరాబాద్‌కీ ఆంధ్రాకీ సికింద్రాబాద్‌లో రంజీ మ్యాచ్ స్కోరు పడింది. హైదరాబాద్ 6 వికెట్లకు 944 డిక్లేర్డ్. చిన్నాయన అది అచ్చు తప్పు అనుకున్నాడంట. "494 ని తిప్పి ఏసినారేమో అనుకుంటిరా. ఆ పక్క పేపర్ చూస్తే దాంట్లోనూ అదే ఉండె" అని ఇప్పటికీ చెప్తాడు.

అచ్చు తప్పు కాదు ఫ్రెండ్స్. రంజీ ట్రోఫీ చరిత్రలో ఒక ఇన్నింగ్స్‌లో అతి పెద్ద స్కోరు ఇప్పటికీ అదే. దానికి ముందు రికార్డు 912. అది రెండు సార్లు వచ్చింది. 1945-46లో హోల్కర్ జట్టు మైసూర్ మీద కొట్టింది, 1988-89లో తమిళనాడు గోవా మీద కొట్టింది. ఒక సైడ్ ముచ్చట చెప్తా. ఆ హోల్కర్ ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు చేస్తే అందులో ఒకరు సి.కె. నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఇండియా మొదటి టెస్ట్ కెప్టెన్. అప్పటికే ఆయనకు యాభై ఏళ్ళు! నాయుడు గారి మీద వేరే ఎపిసోడ్ చేస్తా, ఇక్కడ మొదలుపెడితే ఆపలేను.

944కి వద్దాం. స్క్రీన్ మీద లెక్క చూడండి. శ్రీధర్ 366. వివేక్ జయసింహ 211, ఈయన ఎం.ఎల్. జయసింహ కొడుకు. నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ముగ్గురివి కలిపితే 784. మిగతా బ్యాటర్లందరూ, ఎక్స్‌ట్రాలూ కలిపి 160. అంటే ఒకే ఇన్నింగ్స్‌లో మూడు డబుల్ సెంచరీలు, అందులో ఒకటి ట్రిపుల్ దాటి ఇంకా పోయింది.

నాకు 366 కంటే ఇంకో నంబర్ ఎక్కువ నచ్చుతుంది. శ్రీధర్ క్రీజులో ఉన్నంతసేపు హైదరాబాద్ జట్టు చేసిన పరుగులు 850. ఒక మనిషి బ్యాటింగ్‌కి వచ్చి అవుటై పోయేలోపల ఎనిమిదొందల యాభై! ఆయన 366 తీసేస్తే, ఇంకో 484 పరుగులు ఆయన అవతలి ఎండ్‌లో నిలబడి చూసినవే. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఇది ప్రపంచ రికార్డు. మన టీ20 కళ్ళతో చూస్తే ఇది అర్థం కాదు. ఐపీఎల్‌లో ఒక జట్టు నాలుగు మ్యాచుల్లో కొట్టేంత స్కోరు అది. ఈయన ఒక్కడు అంతసేపు మెదడు చెదరకుండా నిలబడ్డాడు.

అవతల బౌలింగ్ వేసింది మన ఆంధ్రా. అనంతపురం పిల్లోడు రంజీ ఆడాలంటే ఆడాల్సిన జట్టు అదే. చిన్నాయన కోపం అందుకే. "రికార్డు రికార్డు అంటారు గానీ, ఆ రెండు దినాలు బాలేసినోళ్ళ భుజాలు ఏమైనాయో ఎవురన్నా అడిగినారా?" అంటాడు. నిజమే కదా! అంత ఎండలో ఫీల్డింగ్ చేసి, సాయంత్రం స్కోర్ బోర్డు చూసుకుని, పొద్దున మళ్ళా బూట్లు కట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలో. ఒక్కోసారి ఈ 366 చూస్తే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

మరి ఎవరీ శ్రీధర్? పుట్టింది 1966 ఆగస్టు 2న, విజయవాడలో. అంటే ఆంధ్రా మీద ఆ దెబ్బ కొట్టింది ఆంధ్రాలో పుట్టినాయనే. ఆడింది మాత్రం మొత్తం హైదరాబాద్‌కే. ఇంకో విషయం, ఆయన నిజంగా డాక్టరు. మెడిసిన్ చదువుకుంటూ క్రికెట్ ఆడినాడు. క్రికెట్ సర్కిల్స్‌లో అందరూ ఆయన్ని 'డాక్' అనే పిలిచేవాళ్ళు. ఆ రోజుల్లో రంజీ ఆడితే ఇప్పట్లా లక్షలు రావు, ఐపీఎల్ వేలం లేదు. ఇంట్లో చదువుకోమంటే చదువుకోవాల్సిందే. ఆయన రెండూ చేశాడు.

1988-89లో మొదలుపెట్టి 1999-2000 దాకా ఆడాడు. 97 ఫస్ట్ క్లాస్ మ్యాచులు, 6,701 పరుగులు, 21 సెంచరీలు. సగటు 49కి దగ్గర. హైదరాబాద్‌కి కెప్టెన్సీ కూడా చేశాడు. ఇప్పుడు మీకు డౌట్ రావాలి. ఇన్ని పరుగులు కొట్టిన మనిషి ఇండియాకి ఎందుకు ఆడలేదు?

1990ల మిడిల్ ఆర్డర్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టెండూల్కర్, అజహర్, మంజ్రేకర్, కాంబ్లీ, ప్రవీణ్ ఆమ్రే. 1996కి గంగూలీ, ద్రవిడ్ వచ్చేశారు, అదే సంవత్సరం మన లక్ష్మణ్ కూడా. రైలు ఆగింది, డోర్ తెరుచుకుంది, లోపల కాలు పెట్టే జాగా లేదు. అందులో ఇద్దరు ఆయన ఊరి వాళ్ళే, అజహర్, లక్ష్మణ్. ఎవరో తొక్కేశారు అని నేను చెప్పను, అట్లా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కొంతమంది పుట్టిన టైము అట్లా ఉంటుంది.

ఈ 366కి ఇంకో తోక ఉంది. 1994లో రంజీలో ఆయన కంటే పైన ఇద్దరే. 1948-49లో నింబాల్కర్ కొట్టిన 443 నాటౌట్, 1990-91లో మంజ్రేకర్ కొట్టిన 377. ఆ 377 కూడా ఎవరి మీదనో తెలుసా? హైదరాబాద్ మీదే. అంటే మూడేళ్ళ ముందు బొంబాయి హైదరాబాద్‌ని వాయించింది, హైదరాబాద్ వచ్చి ఆంధ్రాని వాయించింది. మన ఊళ్ళో సామెత మీకు తెలుసు కదా, అత్త మీద కోపం దుత్త మీద. 2023 జనవరిలో పృథ్వీ షా అస్సాం మీద 379 కొట్టి మధ్యలోకి వచ్చాడు.

తర్వాత 2024 జనవరి. హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అంత స్పీడు ట్రిపుల్ అంతకుముందు లేదు. 26 సిక్సులు! రెండో రోజు పొద్దున అవుటయ్యాడు. ఎంతకి? కరెక్ట్‌గా 366కి. ఒకే జట్టు, ముప్పై ఏళ్ళ తేడా, ఒకే నంబర్. ఆరోజు వార్తల్లో శ్రీధర్ పేరు మళ్ళా వచ్చింది. వినడానికి ఆయన లేడు.

సరే, ఇప్పుడు రెండో సగం. దీని కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నా.

బ్యాటు పక్కన పెట్టాక శ్రీధర్ హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ పనుల్లోకి దిగాడు, సెక్రటరీ దాకా పోయాడు. మధ్యలో 2007-08లో ఇండియా జట్టు ఆస్ట్రేలియా పోతే అసిస్టెంట్ మేనేజరుగా వెళ్ళాడు. సిడ్నీ టెస్ట్, హర్భజన్, సైమండ్స్, 'మంకీగేట్'... రీల్స్‌లో చూసే ఉంటారు. హర్భజన్ మీద మూడు టెస్టుల నిషేధం వేశారు. టూర్ ఆగిపోతుందా అన్నంత దాకా పోయింది. చివరికి అడిలైడ్‌లో జడ్జి హాన్సెన్ అప్పీలు విని నిషేధం తీసేసి, మ్యాచ్ ఫీజులో సగం ఫైన్‌తో సరిపెట్టారు. ఆ రోజుల్లో జట్టు లోపల ఉండి, విచారణలూ మీడియా గోలా చూసుకున్న వాళ్ళలో శ్రీధర్ ఒకరు. గ్రౌండ్‌లో రెండు రోజులు నిలబడ్డ ఓపిక అక్కడ పనికొచ్చింది అనిపిస్తుంది నాకు.

2013లో బీసీసీఐ ఆయన్ని క్రికెట్ ఆపరేషన్స్ జనరల్ మేనేజర్‌గా తీసుకుంది. పేరు వింటే ఏదో కంపెనీ పోస్టులా ఉంది కదా. పని ఏందంటే, దేశంలో రంజీ, దులీప్, అండర్-19, అండర్-16 ఏ మ్యాచ్ ఏ తేదీన ఏ ఊళ్ళో, అంపైర్లు ఎవరు, పిచ్ క్యూరేటర్ ఎవరు, జట్టు ఎట్లా పోవాలి, ఎక్కడ ఉండాలి, ఇవన్నీ. టీవీలో కనపడని క్రికెట్ అంతా ఆ టేబుల్ మీద నుంచే పోతుంది.

2016లో మన దేశంలో జరిగిన టీ20 వరల్డ్ కప్‌కి టోర్నమెంట్ డైరెక్టర్ ఆయనే. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ధర్మశాలలో పెట్టారు, సెక్యూరిటీ గొడవ వచ్చింది. మార్చి 19 మ్యాచ్‌ని కోల్‌కతాకి మారుస్తున్నట్టు మార్చి 9న చెప్పారు. పది రోజులు! మా ఊళ్ళో జాతరకి షామియానా మార్చాలన్నా పది రోజులు పడుతుంది. అదే సంవత్సరం దులీప్ ట్రోఫీని మొదటిసారి గులాబీ బంతితో, లైట్ల కింద ఆడించారు. రంజీ మ్యాచులన్నీ ఏ జట్టుకూ సొంతూరు కాని చోట పెట్టారు, సొంత పిచ్ చేసుకుని గెలిచే అలవాటు పోవాలని.

ఆ రెండోది దెబ్బ తినింది. ఢిల్లీలో దీపావళి తర్వాత పొగమంచు కమ్మి, అక్కడ ఆడాల్సిన గుజరాత్, బెంగాల్ మ్యాచూ, హైదరాబాద్, త్రిపుర మ్యాచూ ఒక్క బంతి పడకుండానే పోయాయి. చూసే జనం కూడా తగ్గిపోయారు. సొంత జట్టే లేని ఊళ్ళో రంజీ ఎవరు చూస్తారు? మరుసటి ఏడాదికి పాత పద్ధతికే వచ్చేశారు. ఆలోచన మంచిదే అని నేను ఇప్పటికీ అంటా. చిన్నాయన ఒప్పుకోడు.

2017 జూన్‌లో కుంబ్లే కోచ్ పదవి వదిలేశాడు, కోహ్లీతో పడలేదని. ఆ గొడవ ఇంగ్లండ్‌లో నడుస్తున్నప్పుడు బోర్డు తరఫున మాట్లాడటానికి మధ్యలో నిలబడింది కూడా ఈయనే. అతుక్కోలేదు. కొన్ని డాక్టర్ వల్ల కూడా కావు.

ఇక కష్టమైన భాగం. అభిమానం ఉన్న మనిషి గురించి చెప్పేటప్పుడు ఇది దాటేసి పోవడం ఈజీ. దాటేస్తే మీకు అబద్ధం చెప్పినట్టు.

హైదరాబాద్ అసోసియేషన్ ఎట్లా నడుస్తుందో ముందు అర్థం చేసుకోండి. అక్కడ ఓట్లు ఎక్కువగా క్లబ్బులవి. రెండొందలకు పైగా క్లబ్బులు. ఒక్కో క్లబ్బుకి ఒక ఓటు. పిల్లోడు లీగ్ ఆడాలంటే ఏదో ఒక క్లబ్బులో ఉండాలి. లీగ్‌లో ఆడితేనే సెలెక్టర్ల కంట పడతాడు. అంటే క్లబ్బు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ చేతిలో రెండు తాళాలు: ఒకటి పిల్లోడి ఎంట్రీ, ఇంకోటి ఎలక్షన్‌లో ఓటు. ఒకే మనిషి, ఒకే కుటుంబం చేతిలో నాలుగైదు క్లబ్బులు ఉంటే? అప్పుడు ఎవరు ఎవరిని ప్రశ్నిస్తారు?

2016 జూలైలో సుప్రీంకోర్టు లోధా కమిటీ సిఫార్సులు ఒప్పుకుంది. 2017 జనవరిలో వినోద్ రాయ్ నాయకత్వంలో పాలకుల కమిటీని వేసింది. కొత్త రూల్స్‌లో పెద్దది ఇదే: బోర్డులో పోస్టు ఉన్నోడికి ఇంకో చోట సొంత లాభం ఉండకూడదు, ఉంటే ముందే చెప్పాలి. శ్రీధర్ మీద వచ్చిన ఆరోపణ ఏమంటే, హైదరాబాద్‌లో కొన్ని క్లబ్బులతో తనకున్న సంబంధం ఆయన చెప్పలేదని. 2017 సెప్టెంబర్ చివర్లో రాజీనామా చేశాడు. సరిగ్గా నెల దాటగానే, అక్టోబర్ 30న, హైదరాబాద్‌లో గుండెపోటుతో పోయాడు. వయసు 51.

నెల రోజులు. ఆయన తన మాట పూర్తిగా చెప్పుకునే టైము కూడా రాలేదు. అందుకే నేను తీర్పు ఇవ్వను. కానీ ఆ రూల్ తప్పు అని కూడా అనను. ఎందుకంటే ఆయన పోయాక కూడా ఆ క్లబ్బుల జబ్బు తగ్గలేదు. 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుని హైదరాబాద్ అసోసియేషన్ చూసుకోమని పెట్టింది. ఆయన ఒకే చేతిలో ఎక్కువ క్లబ్బులు ఉన్నాయని 57 క్లబ్బులను ఓటు వేయకుండా పక్కన పెట్టాడు. యాభై ఏడు! ప్రెసిడెంట్‌గా చేసిన అజహరుద్దీన్ పేరు కూడా ఆ ఏడాది ఓటర్ల లిస్టు నుంచి పోయింది, కారణం అదే కోవలోది, ఒకే టైములో ఒక క్లబ్బుకీ ప్రెసిడెంట్‌గా ఉన్నాడని. అంటే ఇది ఒక మనిషి కథ కాదు, ఆ నేల అట్లాంటిది. ఎంత మంచి విత్తనమేసినా అదే తెగులు పడుతుంది. శెనక్కాయ రైతు బిడ్డలకి ఇంకా వివరంగా చెప్పాల్నా?

దీనికి పూర్తి రివర్స్ కథ కూడా మన తెలుగు నేల మీద ఉంది. విజయనగరం మహరాజకుమార్, 'విజ్జీ'. ఆయన ముందు పెద్దమనిషి, తర్వాత బ్యాటర్. డబ్బు, పలుకుబడి ఉన్నాయి కాబట్టి 1936లో ఇంగ్లండ్ పోయిన ఇండియా జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు. ఆ టూర్లోనే లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించేశారు. అదే విజ్జీ 1950లలో బీసీసీఐ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. 33 పరుగులాయన మూడు టెస్టులకు కెప్టెన్, 6,701 పరుగులాయనకు ఒక్క టెస్టూ లేదు. ఇద్దరూ బోర్డు ఆఫీసులో కూర్చున్నారు.

మీకు ఈ ఆఫీసుల గోల ఎందుకు అనిపించొచ్చు. నాకెందుకో చెప్తా.

నాకు పదహారేళ్ళప్పుడు ఒక ట్రయల్స్‌కి పోయినా. ఏ ఊరు, ఎవరు పెట్టారు అనేది వద్దు. తెల్లారి నాలుగు గంటలకు లేచి, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం తీసుకుని, రెండు బస్సులు మారి పోయినా. మూడొందల మంది పిల్లోల్లు. మధ్యాహ్నం రెండు గంటలకు నా వంతు వచ్చింది. ఆరు బంతులు. ఆరు బంతులే! మూడోది బాగా తగిలింది, కవర్స్ మీద పోయింది. తలెత్తి చూస్తే కుర్చీలో ఉన్నాయన ఫోన్ మాట్లాడుతున్నాడు. లిస్టు గోడకు అంటించినారు. అందులో పేర్లన్నీ ఒకటి రెండు ఊర్లవే. నేను ఇండియాకు ఆడేంత బ్యాటర్ని కాదు, అది నాకు తెలుసు. కానీ ఆ మూడో బంతి ఎవరన్నా చూసుంటే బాగుండేది.

అప్పటి నుంచి నాకు స్కోర్ బోర్డు కంటే ఆ కుర్చీ మీద ఎక్కువ ధ్యాస. దాంట్లో ఎవరు కూర్చుంటారు, ఎట్లా వస్తారు, ఆడినోడా, ఆడనోడా? ఆడినోడు కూర్చుంటే అన్నీ సరైపోతాయని ఒకప్పుడు నమ్మేవాణ్ణి. శ్రీధర్ కథ చదివాక ఆ నమ్మకం కొంచెం కదిలింది. 850 పరుగులసేపు వికెట్ కాపాడుకున్న మనిషి కూడా ఆఫీసులో ఒక ఫారం దగ్గర ఇబ్బంది పడ్డాడు. అక్కడ బౌలర్ కనపడడు.

2024 సెప్టెంబర్‌లో అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్‌లో దులీప్ ట్రోఫీ జరిగింది కదా, మా ఊరి పిల్లోల్లు ఇరవై మంది దాకా పోయినారు. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్‌లను అంత దగ్గర నుంచి చూసేది వాళ్ళకు మొదటిసారి. విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ ఆయన 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చి పెట్టిన సంస్థ ఆర్డీటీ. బావులు, బడులు, ఆసుపత్రితో పాటు ఆ గ్రౌండూ వచ్చింది. ఒక పిల్లోడు వచ్చి నన్ను అడిగినాడు, "అన్నా, ఇంత పెద్ద మ్యాచ్ మన అనంతపురానికి ఎవరు రాసినారు?"

ఎవరో రాసినారు కదా! ఏదో ఆఫీసులో, ఎవరో ఒకరు, ఆ తేదీ పక్కన మన ఊరి పేరు రాసుంటారు. ఆ పిల్లోడు ఎవరు కొట్టినారు అని అడగలేదు, ఎవరు రాసినారు అని అడిగినాడు. నాకు భలే సంతోషమేసింది.

మొన్న చిన్నాయనకు ఈ స్క్రిప్ట్ చదివి వినిపించినా. మొత్తం విన్నాడు. శ్రీధర్ 51కే పోయినాడని ఆయనకు తెలీదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయప్పను ముప్పై ఏండ్లు తిట్టుకుంటి గదరా" అన్నాడు. మళ్ళా ఒక నిమిషం ఆగి, "అయినా 944 ఎక్కువేలే" అన్నాడు.

మీ ఊళ్ళో ట్రయల్స్ ఎట్లా జరుగుతాయో కామెంట్లలో రాయండి, పేర్లు వద్దు, జరిగింది రాయండి. వచ్చే ఎపిసోడ్ సి.కె. నాయుడు, 1953-54లో ఆంధ్రా మొదటి రంజీ సీజన్, యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ జట్టుకు ఆయన కెప్టెన్సీ. వాన పడితే ఈ చెరువులో షూట్ చేయలేం, ఇంకో చోటు చూసుకోవాలి. పడనీలే.